మా తమ్ముడు షుగరుతోని పోలేదు

మా తమ్ముడు పోయిండు. జడ్చర్లల డీజిల్ పంపులు, నాజిళ్లు బాగుచేసే మేస్త్రి అంటే ఆ తొవ్వెంట తిరిగే ట్రాక్టరోళ్లకు, డీసీఎం డ్రైవర్లకు, వరికోత మిషన్లోళ్లకు ఎరుకే. ఆ మేస్త్రే మా తమ్ముడు. మహబూబ్‌నగర్ దవాఖానల పొద్దుగాల పానం ఇడిసిండు. నేను అప్పుడే మొఖం కడుక్కొని వచ్చి వరండల బెంచి మీద కూసున్న. మా మేనల్లుడు లోపట్నుంచి వచ్చి నా కాళ్లకాడ కూలబడి, "అత్తా, బాపు లేడు" అన్నడు. నాకు ఏడుపు రాలే. కోపం వచ్చింది. ఎవ్వల మీదనో తెలువని కోపం.

శవాన్ని తెచ్చిన బండి జడ్చర్ల చేరకముందే మాట చేరింది. "షుగరు ముదిరి చెయ్యి కుళ్లిందట" అని. దండ తెచ్చినోడు గదే అన్నడు, ఫ్లెక్సీ కట్టినోడు గదే అన్నడు, పాడె మోసినోళ్లు గూడ భుజం మార్చుకుంట గదే అనుకున్నరు. మా తమ్మునికి షుగరు ఉన్నమాట నిజం. గోళీలు వేసుకుంటుండె. చాయల చక్కెర బందు పెట్టిండు. అయితే ఆయన్ను చంపింది షుగరు గాదు. ఏది చంపిందో ఆయన నోటితోనే నేను విన్న. గా సంగతి నలుగురికి తెల్వాలని ఇది రాపిస్తున్న. నాకు సదువు రాదు. నేను చెప్తాంటె మా ఇంటి ఆడపిల్ల రాస్తాంది. "గిట్ల రాస్తే బాగుండదే అవ్వా" అంటది. బాగుండేటందుకు చెప్తలేను బిడ్డా, నేను అన్నట్టే రాయి అన్న.

మేము గొర్లు కాసేటోళ్లం. మా అమ్మ పోయేటప్పటికి తమ్ముడు ఇంక పాలు మరువలే. మంద ఎనుక నా సంకనెక్కి పెరిగిండు. వాని చెవి అసొంటి ఇసొంటి చెవి గాదు. చెట్టు కింద కండ్లు మూసుకొని పండుకొని, మందల ఏ గొర్రె దగ్గుతాందో చెప్పేటోడు. ఒకపారి మా ఊరికి దున్నకానికి కిరాయి ట్రాక్టర్ వస్తే, గొర్లను నా మీద ఇడిసి దాని ఎంట పోయిండు. మా నాయిన కట్టె పట్టుకొని వాకిట్ల ఎదురుసూసిండు. వీడు వచ్చుడు వచ్చుడే, "నాయినా, ఆ ట్రాక్టర్‌కు దగ్గు లేసింది. దాని డ్రైవర్‌కు తెలుస్తలేదు" అన్నడు. మా నాయినకు నవ్వు ఆగలే. కట్టె పారేసి నాతోని, "వీడు గొర్లకు పనికిరాడు బిడ్డా, పోనీ" అన్నడు.

గట్ల పోయి పోయి మహబూబ్‌నగర్ల ఒక ఉస్తాద్ కాడ చేరిండు. ఆ ఉస్తాద్ తిట్టేటోడు, కొట్టేటోడు, నమాజు నుంచి వచ్చేటప్పుడు వీనికి రొట్టె గూడ తెచ్చేటోడు. ఉస్తాద్ పోయిన దినం మా తమ్ముడు అన్నం ముట్టలే. పనంత ఆయన దగ్గర నేర్చుకున్నదే. మంచి నేర్చుకున్నడు, చెడు గూడ నేర్చుకున్నడు. ఆ చెడు ఏందో తర్వాత చెప్త.

నాజిల్ అంటే ఏందో తెల్వనోళ్లు ఉంటరు. పత్తిచేనుకు మందు కొట్టే డబ్బ చూసిన్రు గదా. గొట్టం కొసకు చిన్న బిళ్ల ఉంటది, మందు అండ్లకెళ్లి మంచు లెక్క బయటికొస్తది. ఇంజన్ల గూడ గట్లనే. పంపు డీజిల్‌ను నూకుతది, నాజిల్ దాన్ని మంచు చేసి లోపలికి కొడ్తది. నాకు ఇది చెప్పింది మా తమ్ముడే, మా చెల్కల గట్టు మీద కూసోని నా మందు డబ్బ బాగుచేసుకుంట. మా ఊరికి వచ్చిండంటే ముందుగాల ఆ డబ్బనే అడిగేటోడు. "ఏం రా తమ్మీ, అక్క మంచిగున్నదా అని అడుగవు, డబ్బ మంచిగున్నదా అని అడుగుతవు" అంటే, "నువ్వు మంచిగున్నవని నీ నోరే చెప్తాంది అక్కా, డబ్బకు నోరు లేకపాయె" అనేటోడు.

దుకాణంల వాని పద్ధతులు వానికుండె. స్టీలు పళ్లెంల శుభ్రమైన డీజిల్ పోసి, నాజిళ్లను అండ్ల కడిగి, మీద ఇంకో పళ్లెం మూతపెట్టేది. ఆడ ఎవ్వరు ఊడ్వొద్దు, బట్టలు దులుపొద్దు. "ఎంట్రుక పడ్డ అన్నం తినొచ్చు గని, దుమ్ము పడ్డ నాజిల్ ఎక్కియ్యొద్దు" అనేటోడు. మా మరదలు గది విని మూతి తిప్పేది. "ఇంట్ల చీపురు నెల దినాలు కనవడకున్నా అడుగడు వదినె. దుకాణంల కనవడితే ఇల్లు పీకి పందిరేస్తడు." పెద్ద స్క్రూడ్రైవర్ మొనను ఇంజనుకు ఆనించి, పిడిని చెవికి పెట్టుకొని వినేటోడు. దవాఖానల డాక్టరు నా ఎద మీద గొట్టం పెట్టి వింటే నాకు మా తమ్ముడే యాదికొస్తడు.

ఇగ ఆ చెడు అలవాటు. నాజిల్ మంచిదా కాదా చూసేటందుకు బల్లకు బిగించిన చేతిపంపు ఒకటి ఉంటది. నాజిల్‌ను దానికి ఎక్కించి పిడిని కిందికి గుంజుతరు. మంచి నాజిల్ పిట్ట లెక్క కూస్తది. చెడ్డది మూగగ కారుతది. కూత విన్నంక మా తమ్ముడు ఎడమ అరచెయ్యి ముంగట వెట్టి ఇంకోపారి గుంజేటోడు. చేతి మీద పడ్డ తడిని బొటనవేలితోని రుద్ది, "ఇది ముతకగ కొడ్తాంది" అనో, "ఎక్కియ్యి" అనో చెప్పేటోడు. ఉస్తాద్ గట్లనే చేసేటోడట. ఆ లైన్ల మేస్త్రీలందరు గట్లనే చేస్తరు. అరచెయ్యి పెట్టనోన్ని మేస్త్రి అనరు, ఊకె నట్లకు పానాలు తిప్పేటోడు అంటరు. ఉస్తాద్ కాలంల నాజిళ్లు జర మెల్లగ కొట్టేటియి, ఆయన చెయ్యి గూడ దూరంగ పెట్టేటోడు. మా తమ్మునికి కండ్లు మసకలైనంక చెయ్యి దగ్గరికి జరిగింది. నాజిళ్ల దెబ్బ ఏటేటికి పెరుగుకుంట పోయింది. ఈ రెండు ఎదురెదురుగ వస్తున్నయని ఎవ్వలు చూడలే.

తెలంగాణ వచ్చినంక బాయిలకాడికి కరెంటు దండిగ వచ్చింది. రైతులకు మంచే అయింది. డీజిల్ మోటర్లు పాత ఇనుపసామాన్లకు పోయినయ్, వాటితోని తమ్ముని పని సగం పోయింది. తర్వాత ట్రాక్టర్లు, కోత మిషన్లు పెరిగి జర నిలవడ్డడు. ఇంతట్ల కొత్త బండ్లు వచ్చినయ్. వాటికి వైరు పెట్టి కంప్యూటర్ల చూస్తరు. "బండొచ్చి దుకాణం ముంగట ఆగుతది అక్కా, నేను లేసి పోయేసరికి డ్రైవర్ తొవ్వ అడుగుతడు, షోరూం యాడుంది కాకా అని" అన్నడు ఒకపారి. నవ్వుకుంటనే అన్నడు. ఆ నవ్వు నాకు మంచిగ అనిపియ్యలే.

గసొంటప్పుడు వచ్చింది ఆ పందెం ఇంజను. ఇప్పుడు జాతరలల్ల కొత్త పందెం మొదలైంది. రెండు ట్రాక్టర్లను ఎనుకకు ఎనుక గొలుసుతోని కడ్తరు, ఏది రెండోదాన్ని గుంజుకపోతే అది గెలిచినట్టు. ఆ పందెం పిచ్చి పట్టిన ఒక ఆసామి పాత ట్రాక్టర్ కొని, ఇంజనంత ఇప్పించి, సిలిండర్లు పెద్దగ చేపిచ్చి, కొత్త పిస్టన్లు ఏపిచ్చి, గాలి నూకే టర్బో పెట్టిచ్చి, యాడికెళ్లో పెద్ద బెజ్జాల నాజిళ్లు తెప్పిచ్చుకున్నడు. అన్ని బిగించి షురూ చేస్తే ఇంజను నల్లపొగ కక్కి, ఎక్కిళ్లు పెట్టుకుంట ఆగిపోయింది. షోరూమోళ్లు మా పని గాదన్నరు. వెతుక్కుంట వెతుక్కుంట మా తమ్ముని కాడికి వచ్చిండు. నేను కండ్లాపరేషన్ చేపిచ్చుకొని అప్పుడు తమ్ముని ఇంట్లనే ఉన్న. నల్ల అద్దాలు పెట్టుకొని దుకాణంల స్టూలు మీద కూసోని అంత విన్న.

తమ్ముడు ఆ నాజిల్‌ను వెలుతురుకు పట్టుకొని చూసిండు. "ఇవి ట్రాక్టర్‌వా, రైలింజనువా నాయినా?"

"పెద్దగుంటేనే గదా కాకా తాకత్ వచ్చేది."

"దూపయింది గదా అని మనిషి నోట్ల బిందె గుమ్మరిస్తరా? తాగేటంతనే పొయ్యాలె. ఎక్కువైతే పొలమారుతది. ఇంజనుకు పొలమారుడే ఈ నల్లపొగ."

"నల్లపొగ వస్తేనే జనం ఈలలు కొడ్తరు కాకా."

"జనం బయట ఈలలు కొడ్తరు, లోపట పిస్టన్ కరుగుతది. కరిగిన పిస్టన్‌కు ఎవ్వడు ఈల కొట్టడు."

మొదలు వద్దన్నడు. ఆ ఆసామి బతిమిలాడిండు. "నీ చెయ్యి తప్ప దీనికి దిక్కు లేదు కాకా" అన్నడు. ఆ మాటకు మా తమ్ముడు లేసి నిలవడ్డడు. చానా రోజులకు ఎవ్వలో ఆయన చెయ్యి కావాలన్నరు. గా మాట మీదనే ఒప్పుకున్నడు అని నేను ఒట్టు పెట్టి చెప్త.

ఒప్పుకున్నంక ఇంజనుకు బరువు పెట్టనియ్యలే. పంపుకు స్క్రూ తిప్పి డీజిల్ తక్కువ చేసి, ఊకె ఖాళీ చెల్కల తిప్పుమన్నడు. లోపట రింగులు కుదురుకోవాలెనట. ఆసామికి ఓపిక లేదు, పొద్దుకొకపారి వచ్చి, "ఇయ్యాలన్న గుంజిపిద్దామా?" అని అడిగేది. "కొత్త ఇంజను కొత్త కోడలు లెక్క, వచ్చిన దినమే బరువెత్తొద్దు" అన్నడు తమ్ముడు. నాకు ఊకోబుద్ధి కాలే. "అబ్బో! మా మరదలు కాపురానికొచ్చిన దినమే నెత్తి మీద నీళ్లబిందె పెట్టిచ్చినవ్ గదరా, అప్పుడు యాడ పోయింది ఈ తెలివి?" అన్న. దుకాణమంత నవ్వింది. వాడు తలకాయ గోక్కొని, "అప్పటికి ఇంక పని నేర్వలేదక్కా" అన్నడు.

తర్వాత ఒక్కొక్క నాజిల్‌ను విప్పుడు, చేతిపంపుకు ఎక్కిచ్చుడు, లోపలి స్ప్రింగు కింద సన్న బిళ్ల మార్చుడు, మళ్ల ఎక్కిచ్చుడు. బిళ్ల మందం పెరిగితే నాజిల్ ఆలస్యంగ, గట్టిగ తెరుసుకుంటదట. ఇంజను షురూ చేసి సైలెన్సర్ దిక్కు చూస్తుండె. నలుపు పొగ బూడిదరంగుకు వచ్చింది, బూడిదరంగు పలచవడ్డది. ఎక్కిళ్లు ఆగినయ్. ఒక్క నాజిల్ మాత్రం లొంగలే. అది కూయదు, కారుతది. "దీని సంగతి చూస్త" అన్నడు. ఆ మాట అన్న తెల్లారి నేను మా ఊరికి వచ్చిన, గొర్లకు సూదులు ఏపియ్యాల్సి ఉండె.

కొద్ది రోజులకు మరదలు ఫోన్ చేసింది. "వదినె, మీ తమ్ముని వేలికి ముల్లు గుచ్చుకుంది. వాచింది. మా మాట వింటలేడు, నువ్వు చెప్పు." వానితోని మాట్లాడిన. "తుమ్మముల్లు అక్కా, గదే పోతది. సూది ఏపిచ్చుకున్న" అన్నడు. ఊర్ల సూదిచ్చేటాయన ధనుర్వాతం సూది, గోళీలు ఇచ్చిండట. ముల్లు అంటే ఆయన మాత్రం ఏం ఇస్తడు? నేను గూడ ముల్లే అనుకున్న. మనకు ముండ్లు కొత్తనా.

మళ్ల ఫోనొచ్చేసరికి మహబూబ్‌నగర్ దవాఖానల ఉన్నడు. నేను బస్సెక్కి పోయిన. చెయ్యి చూసిన. వేలు నల్లగ, ఎండిన చింతకాయ లెక్క అయింది. వాపు మోచెయ్యికి పాకింది. సిస్టరమ్మ పట్టీ ఇప్పి దూది తీస్తాంటె నేను దగ్గరికి వంగిన. చీము వాసన వస్తదనుకున్న. వచ్చింది, అయితే దాని కింద ఇంకో వాసన ఉంది. మరదలు వచ్చేదాక తమ్ముని అంగీలు ఉతికినదాన్ని, ఆ వాసన నాకు తెల్వదా? సిస్టరమ్మ పోయేదాక ఊకున్న.

"తమ్మీ, ఇది ముల్లు గాదు."

వాడు గోడ దిక్కు తిరిగిండు. "ఊకో అక్కా."

"ఎందుకు ఊకోవాలె? నీ వేలికెళ్లి డీజిల్ వాసనొస్తాంది."

గోడతోని చెప్పినట్టు చెప్పిండు. "ఆ లొంగని నాజిలే. బిళ్ల మార్చి గుంజిన. కూసింది. సంబురమైంది. చెయ్యి పెట్టి మళ్ల గుంజిన. వేలికి నీళ్లచుక్క తాకినట్టే అయింది అక్కా. నెత్తురు గూడ రాలే. ప్యాంటుకు తుడుసుకొని నాజిల్ ఎక్కిచ్చిన."

"మరి ముల్లని ఎందుకన్నవ్ రా?"

"నాజిల్ మేస్త్రిని నాజిల్ కొట్టిందని చెప్పుకోవాల్నా? లైన్ల తల ఎత్తుకోవాల్నా వద్దా?"

గదీ సంగతి. డీజిల్ వేలి లోపటికి పోయిందానికన్న, ఆ సిగ్గు వాని లోపటికి ఎక్కువ పోయింది. పెండ్లానికి చెప్పలే, కొడుక్కు చెప్పలే, డాక్టరుకు చెప్పలే. నేను ఆగలే. ఉరికి పోయి పెద్ద డాక్టరుకు చెప్పిన. ఆయన చేతిల ఉన్న పని ఇడిసి వచ్చి, తమ్ముని మంచం కాడ కూసోని, "మొదటి దినమే ఇది చెప్పి ఉంటే వేలు కోసి, లోపలి డీజిల్ కడిగేటోళ్లం కదా పెద్దాయనా" అన్నడు. తిట్టినట్టు గాదు, బాధతోని అన్నడు. నాకు ఇడమర్చి చెప్పిండు. పైన సూదిమొన అంత చుక్కనే ఉంటదట. నొప్పి గూడ ముందుగాల ఉండదట. డీజిల్ మాత్రం నరాల ఎంట లోపలికి ఉరికి, కండను చంపుకుంట పోతదట. షుగరు ఉంటే జల్ది, షుగరు లేకున్నా పోవుడైతే పోతదట. ఈ కడపటి మాట నేను రెండోపారి చెప్పిపిచ్చుకున్న. డాక్టరుది తప్పు లేదు. మనం ముల్లంటే ఆయన ముల్లు మందే ఇస్తడు.

చెయ్యి తీసేసిన్రు. తెలివొచ్చినంక తమ్ముడు దుప్పటి దిక్కు చూసుకున్నడు. కొంచెంసేపైనంక, "అక్కా, ఆ వేలు ఇంక చల్లగ అయితాంది" అన్నడు. లేని వేలు. నేను దుప్పటి మీద, ఆ చెయ్యి ఉండాల్సిన జాగల నా చెయ్యి పెట్టి రుద్దిన. "ఇప్పుడు?" అన్న. "జర నయం" అన్నడు. నా కోసం అన్నడో, నిజంగనే అన్నడో.

పందెం ఆసామి పండ్లు పట్టుకొని చూడనీకి వచ్చిండు. తమ్ముడు అడిగింది ఒక్కటే. "పొగ ఏ రంగుంది?"

"అసలు కనవడుతనే లేదు కాకా. గుంజితే ఎదుటి బండి ముంగటి చక్రాలు లేస్తున్నయ్."

తమ్ముడు కండ్లు మూసుకున్నడు. మొఖం మీద ఎంత తృప్తి ఉండెనో నేను చూసిన. అబద్ధం ఎందుకు, ఆ తృప్తి చూసి నాకు మంచిగనే అనిపిచ్చింది, ఆ పండ్లను కిటికీలకెళ్లి పారేయబుద్ధి గూడ అయింది. ఇషం అప్పటికే నెత్తుర్ల కలిసింది. మూత్రం బందైంది. తర్వాత పొగ గురించి గూడ అడగలే.

దినాలప్పుడు ఆ ఆసామే పందిట్ల కూసోని, "పాపం కాకా, షుగరును పట్టిచ్చుకోలేదు" అన్నడు. నేను విస్తరి ముంగటికెళ్లి లేసిన. "నీ నాజిల్ కొట్టి పోయిండు నాయినా మా తమ్ముడు. నిన్ను నిందిస్తలేను. చెయ్యి పెట్టుమని నువ్వు చెప్పలే. షుగరు అని మాత్రం అనకు" అన్న. మా మేనల్లుడు వచ్చి నా రెక్క పట్టుకొని లోపలికి తీసుకపోయిండు.

"ఎందుకత్తా నలుగుర్ల?"

"అబద్ధమాడితే ఊకోమంటవా?"

"బాపు చెయ్యి అంటే ఈ లైన్ల ఒక మాట. ఆ చెయ్యి తప్పిందని కొడుకును నేనే చాటాల్నా? షుగరు అంటే ఎవ్వల ఇజ్జత్ పోదు. రోగం ఎవ్వలికైన వస్తది."

"ఒరే అల్లుడా, షుగరు అంటే ఏమైతది ఎరుకనా? షుగరు లేనోడంత రేపటికెళ్లి ధైర్యంగ చెయ్యి పెడ్తడు. నాకేం షుగరు లేదు గదా అని."

వాడు కండ్లు తుడుసుకొని వడ్డన కాడికి పోయిండు. వాని బాధ నాకు తెల్వక గాదు. తండ్రి పేరు తప్ప ఆ దుకాణంల వానికి ఇంకేం మిగలలే.

నేను మా ఊరికి వచ్చిన గని పానం ఆడనే ఉంది. గొర్ల ఎంట తిరుగుతాంటె వాని అరచెయ్యే కనవడుతుండె. మొన్న ఉండలేక బస్సెక్కి జడ్చర్లకు పోయిన. ఇంటికి పోకుంట సీదా దుకాణంకే పోయిన. పొద్దు నడినెత్తికొచ్చింది. ఒక ట్రాక్టర్ డ్రైవర్ స్టూలు మీద కూసోని, "జల్ది కానియ్యన్నా, వరినాట్ల పని ఆగింది" అంటున్నడు. మా మేనల్లుడు చేతిపంపు కాడ ఉన్నడు. నాజిల్ కూసింది. వాడు చెవి ఒడ్డి విని, తల ఊపి, ఎడమ అరచెయ్యి ముంగట పెట్టిండు. అచ్చం తండ్రి లెక్క, వేళ్లు జర ఎడంగ ఇడిసి.

నేను పోయి వాని చెయ్యిని పక్కకు తోసి, నా అరచెయ్యి పెట్టిన.

"అత్తా! ఎప్పుడొచ్చినవ్? చెయ్యి తియ్యి."

"కొట్టు."

"ఏంది అత్తా ఇది, తియ్యి."

"నీ చేతికి కానిది నా చేతికేం అయితది? నాకు షుగరు లేదు. కొట్టు."

స్టూలు మీది డ్రైవర్ లేసి నిలవడ్డడు. "అన్నా, ముసలామెతోని ఏంది లొల్లి" అన్నడు. నేను వాని దిక్కు చూడలే.

"నీ కాళ్లు మొక్కుత అత్తా, తియ్యి."

"తీస్త. మీ బాపు దేనితోని పోయిండో చెప్పు, తీస్త."

"నీకు తెల్వదా?"

"నాకు తెలుసు. నీ నోటికెళ్లి వినాలె. ఈ డ్రైవర్ గూడ వినాలె."

వాడు పిడి ఇడిసిపెట్టిండు. మొఖం రెండు చేతులల్ల పెట్టుకున్నడు. ఆ చేతులల్లకెళ్లే మాట వచ్చింది. "నాజిల్ కొట్టి పోయిండు." తర్వాత మొఖం మీది చేతులు తీసి, డ్రైవర్ దిక్కు తిరిగి, తేటగ చెప్పిండు. "మా బాపు నాజిల్ కొట్టి పోయిండన్నా. షుగరుతోని గాదు. చెయ్యి పెట్టి చూసిండు, డీజిల్ లోపలికి పోయింది. ఎవ్వలికన్న తాకితే, చుక్కనే గదా అని ఊకోవద్దు, ఆ గడియనే దవాఖానకు పోవాలె."

డ్రైవర్ తన అరచేతులు తిప్పి చూసుకున్నడు. నేను నా చెయ్యి తీసిన.

మా తమ్ముడు మంచి మేస్త్రి. వాని చెవి ఆ లైన్ల ఇంకోనికి లేదు. ఆ చెవే చాలుండె, చెయ్యి అక్కెర లేకుండె. ఈ మాట అంటే వాని పేరు తగ్గదు. చెయ్యి తప్పిందని చెప్పుకోనీకి ఆ లైన్ల జాగ ఉండి ఉంటే, మొదటి దినమే కొడుకును పిలిచి చూపెట్టేటోడు. నేను నా తమ్మున్ని పోగొట్టుకున్న. ఇంకో ఇంట్ల ఇంకో అక్క ఈ వాసన చూడొద్దు. మేస్త్రీలు ఎవ్వలన్న ఇది సదివిపిచ్చుకుంటే, ముసల్ది వాగుతాందని అనుకోన్రి, ఫికర్ లేదు. చెయ్యి మాత్రం పెట్టకున్రి.

ఆ దినం మా మేనల్లుడు చాయపత్త డబ్బ అట్టను చింపి, నాజిల్ ముంగట నిలవెట్టిండు. దూరంగ జరిగి నిలవడి పిడి గుంజిండు. పిట్ట కూసినట్టు కూసింది. అట్ట మీద సన్న సన్న చుక్కలు పడ్డయి, పడ్డట్టు గూడ కనవడలే ముందుగాల. అటెనుక తడి ఊరింది. ఒక చుక్క ఇంకో చుక్కను కలుపుకుంట, మెల్లగ, తమ్ముని చేతికి వాపు ఎక్కినట్టు, అట్ట ఎంట పైకి పాకింది. డ్రైవర్ తొందర మరిచి చూస్తున్నడు. మేనల్లుడు పిడి మీది చెయ్యి తియ్యకుంట చూస్తున్నడు. తడి అట్ట నడుమ దాక పోయింది. ఆడ ఆగింది.